ముహూర్తం పెట్టినవారే జవాబు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్త స్టేడియం ప్రారంభం "భద్రతా కారణాల వల్ల" వాయిదా పడిందని వార్త వస్తే చాలు, టికెట్లు కొన్నవాళ్లు తిట్టుకుంటారు, నిర్వాహకులు "ప్రేక్షకుల ప్రాణాలకన్నా మాకేదీ ముఖ్యం కాదు" అంటారు. ఆ మాటకు ఎవరు ఎదురు చెప్పగలరు? చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఫైర్ అలారం, ఎలక్ట్రికల్ కమిషనింగ్ (బిగించిన వ్యవస్థలను పరీక్షించి, వాడకానికి సిద్ధం చేయడం) పనిలో ఉన్న మాకు ఆ మాట చాటున దాగిపోయే మూడు తేదీలు కనిపిస్తాయి: ప్రారంభ తేదీ ప్రకటించింది ఎప్పుడు, పరీక్షలు మొదలైంది ఎప్పుడు, లోపం ఉందని సైటులో తెలిసింది ఎప్పుడు. ఈ మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాస్తే బాధ్యత ఎవరిదో సగం తేలిపోతుంది. రాసి చూపించమని అడిగేవాళ్లే తక్కువ.

ఇందుకు లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాల్ క్లబ్ కథ మంచి ఉదాహరణ. పాత వైట్ హార్ట్ లేన్ మైదానంలో ఆఖరి మ్యాచ్ 2017 మే 14న జరిగింది. దాన్ని పడగొట్టి, అదే చోట 62 వేలకు పైగా సీట్లతో కొత్త స్టేడియం కట్టారు. ఒక సీజన్ మొత్తం లండన్‌లోనే ఉన్న వెంబ్లీ స్టేడియంలో ఆడిన క్లబ్, 2018 సెప్టెంబర్ 15న లివర్‌పూల్‌తో మ్యాచ్‌తో సొంతింటికి వస్తామని చెప్పింది. గృహప్రవేశానికి 33 రోజుల ముందు, ఆగస్టు 13న, కీలక భద్రతా వ్యవస్థల పరీక్షల్లో సమస్యలు బయటపడ్డాయని ప్రకటించింది. ఆ మ్యాచ్, తర్వాతి మ్యాచ్‌లు వెంబ్లీకి మళ్లాయి. అక్టోబర్ 14న అక్కడ జరగాల్సిన అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ కూడా మళ్లింది. అక్టోబర్ చివర్లో, ఈ ఏడాదికి ఇక కుదరదన్నారు. చివరికి క్రిస్టల్ ప్యాలెస్‌తో తొలి మ్యాచ్ జరిగింది 2019 ఏప్రిల్ 3న. మొదట చెప్పిన తేదీకి సరిగ్గా 200 రోజుల తర్వాత.

ఈ 200 రోజుల జాప్యాన్ని మేము తప్పు పట్టడం లేదు. లోపం ఉందని తెలిసీ 60 వేల మందిని లోపలికి పంపి ఉంటే అది నేరమయ్యేది. పరీక్షలు ఏ దశలో ఉన్నాయో చూసుకోకుండా సెప్టెంబర్ 15 అన్న తేదీని ఎవరు, దేన్ని ఆధారం చేసుకుని ఖాయం చేశారన్నదే మా ప్రశ్న. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత మన సైటుల్లో ఊరికే వాడరు.

స్టేడియంలో భద్రతా వ్యవస్థ అంటే పైకప్పుకు తగిలించిన పొగ డిటెక్టర్లూ గంటలూ మాత్రమే అనుకుంటే ఈ వ్యవహారం అర్థం కాదు. పశ్చిమం వైపు రెండో అంతస్తు వంటగదిలో పొగ వచ్చిందనుకోండి. డిటెక్టర్ సంగతి ప్యానెల్‌కు, అంటే అలారం వ్యవస్థను నడిపే నియంత్రణ పెట్టెకు, చెప్పాలి. ప్యానెల్ ముందు సిబ్బందికి మాత్రమే తెలిసే సంకేత ప్రకటన వినిపించాలి. నిర్ణీత నిమిషాల్లో ఎవరూ చూసి రద్దు చేయకపోతే ఆ బ్లాకు జనానికి మాత్రం ఖాళీ చేయమని చెప్పాలి. ఒక్కసారిగా స్టేడియం మొత్తానికి చెబితే మెట్ల మీద తొక్కిసలాటే. అదే క్షణంలో వంటగది గ్యాస్ ఆగాలి, ఏసీ గాలి డక్టుల్లో నిప్పూ పొగా పాకకుండా అడ్డుపడే డ్యాంపర్లు మూసుకోవాలి, ఆ వైపు లిఫ్టులు కిందికి దిగి తలుపులు తెరుచుకుని నిలబడాలి, ఒక్కొక్కరినే లోపలికి పోనిచ్చే టర్న్‌స్టైల్ గేట్లూ తలుపుల తాళాలూ విడిపోవాలి, మైదానంలో హోరెత్తుతున్న పాట ఆగి ప్రకటన వినపడాలి. ఏ డిటెక్టర్ మోగితే ఏయే పరికరం ఏం చేయాలో గళ్ల పట్టికగా రాసుకుంటాం. పెద్ద స్టేడియంలో ఆ గళ్లు వేలల్లో ఉంటాయి. ప్రతి గడినీ నిజంగా చేసి చూడాలి.

కాలం లెక్క చూడండి. ఉదాహరణకు డిటెక్టర్లు, మాన్యువల్ కాల్ పాయింట్లు (మనిషి చేత్తో నొక్కి అలారం మోగించే పెట్టెలు) కలిపి 6,000 ఉన్నాయనుకుందాం. ఒక మనిషి గడకర్రకు తగిలించిన పొగ డబ్బాతో డిటెక్టర్ దగ్గర, ఇంకొకరు ప్యానెల్ దగ్గర. నడక, నిచ్చెన, రీసెట్ కలిపి ఒక్కోదానికి నాలుగు నిమిషాలంటే 400 గంటలు. రోజుకు నికరంగా ఆరు గంటల పని జరిగితే ఒక జట్టుకు 67 రోజులు, నాలుగు జట్లకు 17 రోజులు. అదీ ఒక్కటీ ఫెయిల్ కాకపోతేనే. పైగా ఇది పరికరం మోగుతోందా లేదా అన్నంతవరకే. పైన చెప్పిన గళ్ల పట్టిక పరీక్ష ఆ తర్వాతిది. దానికి లిఫ్టు వాళ్లు, ఏసీ వాళ్లు, సౌండు వాళ్లు, తాళాల వాళ్లు ఒకే రోజు ఒకే చోట ఉండాలి. నలుగురు సబ్ కాంట్రాక్టర్లను ఒకే ఉదయం ఒక చోటికి రప్పించడం ఎంత కష్టమో సైటు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కరెంటు తీసేసి చేసే పరీక్ష. మెయిన్ సప్లై లాగేస్తే జనరేటర్ కొన్ని సెకన్లలో లోడు తీసుకోవాలి, ఆ లోపు అత్యవసర దీపాలు బ్యాటరీ మీద వెలగాలి, ప్యానెల్ ఆగకూడదు. ప్యానెల్ బ్యాటరీ సాధారణంగా 24 గంటలు కాపలా కాసి, ఆపైన అరగంట అలారం మోగించేంత సత్తాతో ఉండాలి. స్టేడియం ఖాళీగా ఉన్నప్పుడు స్పష్టంగా వినపడే ప్రకటన, గోల్ పడ్డాక కాంక్రీటు గిన్నెలాంటి కట్టడంలో మారుమోగే కేకల మధ్య ముద్దముద్దగా వినపడుతుంది. అందుకే మాట స్పష్టతను మీటరుతో కొలుస్తారు. సున్నా నుంచి ఒకటి దాకా ఉండే ఆ కొలతలో సాధారణంగా 0.5కు తగ్గకూడదంటారు. జనం చేసే శబ్దాన్ని లెక్కలో కలపకుండా కొలిచిన అంకెకు విలువ లేదు.

లోపాలు ఎక్కడ పుడతాయి? ఎక్కువగా సీలింగు మూసేసిన చోట. అలారం తీగ ప్యానెల్ నుంచి బయల్దేరి అన్ని పరికరాలనూ చుట్టి మళ్లీ ప్యానెల్‌కే రావాలి. ఒక చోట తెగినా రెండో కొస నుంచి పని నడుస్తుంది. పోయే తీగనూ వచ్చే తీగనూ ఒకే ట్రేలో పడేస్తే ఆ ఏర్పాటే దండగ. ఒక్క మంటకు రెండూ పోతాయి. చుట్టు తీగ నుంచి పిల్ల తీగ లాగి అటు నాలుగు డిటెక్టర్లు కలిపేస్తారు. అది తెగితే ఆ నాలుగూ మూగబోతాయి. వానాకాలంలో కొసలు మూయకుండా నెలల తరబడి వదిలేసిన కేబుల్‌లోకి తేమ చేరుతుంది. జిప్సం పలకల వాళ్ల స్క్రూ కేబుల్‌లో దిగుతుంది. నిప్పును తట్టుకునే ఎర్ర కేబుల్‌ను ప్లాస్టిక్ క్లిప్పులతో బిగిస్తారు. మంటలో కేబుల్ నిలబడుతుంది, క్లిప్పు కరిగి కేబుల్ మొత్తం జారి అగ్నిమాపక సిబ్బంది మెడకు చుట్టుకుంటుంది. అడ్రసులు తారుమారైతే వంటగదిలో పొగ వస్తే ప్యానెల్ మీద తూర్పు గేటు స్టోరు పేరు కనిపిస్తుంది.

వీటిలో చాలావాటిని ప్యానెల్ తనంతట తాను పట్టుకోలేదు. తీగ తెగిందా, పరికరం పలుకుతోందా అన్నదే దానికి తెలుసు. పచ్చ దీపం వెలిగి "సిస్టమ్ నార్మల్" అని చూపిస్తూనే ఉంటుంది. ఆ పచ్చ దీపం ఫొటో తీసి పై ఆఫీసుకు పంపి "అంతా రెడీ" అనిపించుకున్న సైటులు లోకంలో బోలెడు.

ఆలస్యంగా బయటపడిన లోపం ఎందుకంత ఖరీదైనదో కూడా చెప్పాలి. కేబుల్ ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పరీక్షించాలి. ఆ వోల్టేజీ డిటెక్టర్‌లోని ఎలక్ట్రానిక్స్‌ను చంపేస్తుంది. కాబట్టి ఆ పరీక్ష డిటెక్టర్లు బిగించకముందే, సీలింగు తెరిచి ఉండగానే అయిపోవాలి. అప్పుడు చేయకుండా వదిలేసి, చివర్లో అనుమానం వస్తే పరికరాలన్నీ విప్పి, పలకలు దించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక మనిషి చేసిన పనిలో ఒక తప్పుడు జాయింటు దొరికితే అతని జట్టు చేసిన ప్రతి జాయింటూ అనుమానమే. ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే కట్టినట్టు గీసిన డ్రాయింగులు ఉండవు. కొత్త తేదీ చెప్పలేకపోవడానికి అసలు కారణం ఇదే. బెర్లిన్‌లో కొత్త విమానాశ్రయానికి ఇదే జబ్బు పట్టుకుంది. 2012 జూన్ 3న తెరుస్తామని, ఒక నెల కూడా లేదనగా మే 8న రద్దు చేశారు. పొగను బయటికి లాగే వ్యవస్థతో సహా అగ్ని రక్షణ ఏర్పాట్లు కుదరలేదు. అది తెరుచుకుంది 2020 అక్టోబర్ 31న.

పని ఎక్కడైనా ఆలస్యమైతే ఆ రోజులు కమిషనింగ్ నుంచే కోస్తారు. పునాది ఆలస్యం, ఉక్కు ఆలస్యం, పైకప్పు ఆలస్యం, చివరికి పన్నెండు వారాలు అనుకున్న పరీక్షలకు మూడు వారాలు మిగులుతాయి. తేదీ మాత్రం కదలదు, ఎందుకంటే టీవీ హక్కులు, సీజన్ టికెట్లు, ఫిక్చర్ల పట్టిక దాని మీద కట్టేసి ఉంటాయి. పరీక్షలో లోపం దొరకడం ఎవరి తప్పూ కాదు, పరీక్ష పనే అది. పరీక్షకు రోజులు లేకుండా చేసిన నిర్ణయానికి మాత్రం ఒక సంతకం ఉంటుంది. ఆ సంతకం ఎవరిదని అడగాలి.

ఇంగ్లండ్‌లో ఒక మేలుంది. అక్కడ తేదీ ప్రకటించేవాడు వేరు, గేటు తెరవనిచ్చేవాడు వేరు. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది చనిపోయాక 1975లో క్రీడా మైదానాల భద్రతా చట్టం వచ్చింది. 1985లో బ్రాడ్‌ఫర్డ్ ఫుట్‌బాల్ మైదానంలో స్టాండు తగలబడి 56 మంది పోయారు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట మృతుల సంఖ్య చివరికి 97కు చేరింది. ఆ 1975 చట్టం కింద స్థానిక కౌన్సిల్ భద్రతా సర్టిఫికెట్ ఇస్తేనే జనాన్ని రానివ్వాలి. టాటెన్‌హామ్‌కు అది హారింగే కౌన్సిల్. సర్టిఫికెట్ మీద ఉండే సంఖ్య సీట్ల సంఖ్య కాదు. ఎంతమంది ఒక గంటలో లోపలికి రాగలరు, ఎంతమంది కూర్చోగలరు, ఎంతమంది మామూలుగా బయటికి పోగలరు, ఆపదలో ఎంతమంది తప్పించుకోగలరు అని నాలుగు లెక్కలు కట్టి, అన్నింటిలో చిన్నదాన్నే తీసుకుంటారు.

అక్కడ స్టేడియాల భద్రతకు మార్గదర్శిగా వాడే "గ్రీన్ గైడ్" పుస్తకం ప్రకారం ఒక టర్న్‌స్టైల్ గుండా గంటకు గరిష్ఠంగా 660 మందినే లెక్కలోకి తీసుకోవాలి. అంటే 62 వేల మందికి కనీసం 94 టర్న్‌స్టైళ్లు పనిచేస్తుండాలి. మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది, సమతలం మీద 82 మంది. బయటికి పోవడానికి ఎనిమిది నిమిషాలకు మించకూడదు. 1.2 మీటర్ల మెట్ల దారి ఎనిమిది నిమిషాల్లో దాదాపు 630 మందిని మాత్రమే దాటించగలదు. ఆ దారిలో ఒక పాప్‌కార్న్ బండి నిలబడి అర మీటరు తినేసిందంటే ఆ సంఖ్య 370కి పడిపోతుంది. ఇది కాక, కట్టడం స్థితికి ఒక అంకె, నిర్వహణ తీరుకు ఒక అంకె సున్నా నుంచి ఒకటి మధ్య వేస్తారు. రెండింటిలో తక్కువదాన్ని సీట్ల సంఖ్యతో గుణిస్తారు. అంటే కట్టడం ఎంత బాగున్నా జనాన్ని అదుపు చేసే స్టీవార్డులకు శిక్షణ లేకపోతే సీట్లు కోతపడతాయి. మాకు ఈ పద్ధతిలో బాగా నచ్చింది ఇదే. నిర్లక్ష్యానికి వెల టికెట్ల రూపంలో అక్కడికక్కడే కనిపిస్తుంది.

టాటెన్‌హామ్ కూడా ఒక్కసారిగా తలుపులు తెరవలేదు. మార్చి 24న కుర్రాళ్ల మ్యాచ్ పెట్టి 30 వేల లోపు మందిని, 30న మాజీ ఆటగాళ్ల మ్యాచ్‌కు 45 వేల మంది దాకా రానిచ్చి చూశారు. ఆ రెండూ గడిచాకే ఏప్రిల్ 3. కొత్త కట్టడాన్ని సగం జనంతో పరీక్షించడం చాదస్తం కాదు. ఏ మూల మలుపు దగ్గర జనం పేరుకుపోతారో కంప్యూటర్ నమూనాలో కనిపించనిది అప్పుడే కనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. టాటెన్‌హామ్‌లో నిర్మాణ నిర్వహణ మేస్ సంస్థది. నిర్మాణ నిర్వహణ పద్ధతిలో సబ్ కాంట్రాక్టులన్నీ యజమాని పేరు మీదే ఉంటాయి. నిర్వాహక సంస్థ సమన్వయం చేసి ఫీజు తీసుకుంటుంది. మార్పులు చేసుకోవడం సులువు, పని ముందే మొదలుపెట్టవచ్చు. ఆలస్యమైతే మాత్రం చాలా భారం యజమాని నెత్తినే పడుతుంది. కాబట్టి ఇలాంటి ఒప్పందం చేసుకున్న యజమాని "కాంట్రాక్టర్లు మోసం చేశారు" అని చేతులు దులుపుకోవడం చెల్లదు. ఆ రిస్కు తెలిసే తీసుకున్నాడు.

మరి స్థిర ధర ఒప్పందం రాసుకుంటే బాధ్యత తేలిపోతుందా? కొత్త వెంబ్లీ అలాగే కట్టారు. 2006 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ అక్కడ జరగాల్సింది, కార్డిఫ్‌కు పోయింది. స్టేడియం 2007 మార్చిలో తెరిచారు. తర్వాత ప్రధాన కాంట్రాక్టర్ మల్టిప్లెక్స్‌కూ ఉక్కు పని చేసిన క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్‌కూ కోర్టులో ఏళ్ల తరబడి నడిచింది. 2008 తీర్పులో మల్టిప్లెక్స్‌కు దక్కింది సుమారు 60 లక్షల పౌండ్లు. రెండు పక్షాల కోర్టు ఖర్చులు 2 కోట్ల 20 లక్షల పౌండ్లు. అందులో జిరాక్సు కాగితాలకే 10 లక్షల పౌండ్లు. బాధ్యతను తేల్చే పని కోర్టుకు వదిలేస్తే ఏమవుతుందో ఈ జిరాక్సు బిల్లు చెబుతుంది. పనికి ముందే కాగితం మీద రాసి, బయటపెట్టి ఉంచుకోవాలి.

వాయిదా భారం మోసేవాళ్లలో ప్రేక్షకుడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2018 అక్టోబర్ 29న మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌ను సోమవారం రాత్రి వెంబ్లీలో ఆడాల్సి వచ్చింది. ముందు రోజు అక్కడే అమెరికన్ ఫుట్‌బాల్ జరిగింది, పచ్చిక చెదిరిపోయి ఉంది. సెప్టెంబర్ 26న వాట్‌ఫర్డ్‌తో లీగ్ కప్ మ్యాచ్‌ను వెంబ్లీ కూడా దొరక్క మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోయారు. టికెట్ డబ్బు వాపసు ఇచ్చినా రైలు, బస, సెలవు ఎవరిస్తారు?

మన దగ్గర ముచ్చట వేరు. ఇక్కడ వాయిదా కన్నా వాయిదా వేయకపోవడమే ఎక్కువ. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు అక్టోబర్ 3న మొదలు కావాలి. సెప్టెంబర్ 21న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం పక్కన కడుతున్న పాదచారుల వంతెన కూలి కార్మికులు గాయపడ్డారు. సైన్యం వచ్చి కొద్దిరోజుల్లో వేరే వంతెన వేసింది. తేదీ మారలేదు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజే తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. తాత్కాలిక గ్యాలరీకి కావలసింది పెద్ద విద్య కాదు. నేలను దిమ్మిస కొట్టి కాళ్ల కింద వెడల్పాటి పలకలు వేయాలి, అడ్డంగానూ నిలువుగానూ ఏటవాలు బిగింపులు పెట్టాలి, ఎక్కించే మనుషుల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు ముందు రోజే ఎత్తి చూడాలి. జనం కూర్చుని ఉండరు, పాయింటు వస్తే ఒక్కసారి లేచి గెంతుతారు. ఆ అడ్డ ఊపుకు ఏటవాలు కడ్డీలు లేని గ్యాలరీ పేకమేడే.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అది పాత స్టేడియమే. కానీ పాఠం కొత్తవాటికీ వర్తిస్తుంది. ఆ తర్వాత విచారణ కమిషన్ ఆ కట్టడం భారీ జనసమూహాలకు తగినది కాదంది, ఆ ఏడాది మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు బెంగళూరు నుంచి నవీ ముంబయికి పోయాయి. టర్న్‌స్టైల్ లెక్క, గేటు బయట ఆగే స్థలం లెక్క ముందే కట్టి ఉంటే బయటపడే విషయమే ఇది. టర్న్‌స్టైల్‌కు గంటకు 660 మంది అన్న సూత్రం పెట్టుకుని ఎవరైనా పది నిమిషాల్లో లెక్కేయవచ్చు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొత్త స్టేడియాల మాట తరచూ వినిపిస్తోంది. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక నిరభ్యంతర పత్రం) ఒక శాఖ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడాన్ని వాడుకునే అనుమతి) ఇంకో శాఖ, మ్యాచ్ రోజు బందోబస్తు అనుమతి పోలీసులు ఇస్తారు. జాతీయ భవన నియమావళి నాలుగో భాగం అగ్ని భద్రత గురించి వివరంగానే చెబుతుంది, స్టేడియాలు అందులో జనసమ్మర్ద భవనాల తరగతిలోకి వస్తాయి. కానీ "ఈ రోజు ఈ కట్టడంలోకి ఇంతమందినే" అని ఒక్క కాగితం మీద సంతకం పెట్టేవాడు మన దగ్గర లేడు. సంతకం లేనిచోట బాధ్యత కూడా ఉండదు. ప్రమాదం జరిగాక అందరూ అందరి వైపూ వేలు చూపిస్తారు.

కాబట్టి మేము అడిగేది ఇది. ఏ ప్రభుత్వమైనా, క్రీడా సంఘమైనా ప్రారంభ తేదీ ప్రకటించాలంటే అంతకు ముందే కేబుల్ మెగ్గర్ రిపోర్టులు, డిటెక్టర్ల పరీక్ష ఎంత శాతం పూర్తయిందో, గళ్ల పట్టికలో ఎన్ని గళ్లు పాసయ్యాయో వారం వారం వెబ్‌సైట్‌లో పెట్టాలి. 100 శాతం కాని రోజు టికెట్లు అమ్మకూడదు. అమ్మాలనుకుంటే, వాయిదా పడితే ప్రయాణం, బస ఖర్చుతో సహా వాపసు ఇస్తామని టికెట్ వెనకే రాయాలి. అలా రాయాల్సి వస్తే తేదీలు వాటంతటవే నిజాయితీగా మారతాయని మా అనుభవం. సీలింగు మూసేముందు ఫొటోలు, కట్టినట్టు గీసిన డ్రాయింగులు ఇవ్వని సబ్ కాంట్రాక్టర్‌కు ఆ అంతస్తు బిల్లు ఆపాలి. కమిషనింగ్‌కు రాసుకున్న వారాలను తగ్గించాలంటే ప్రాజెక్టు అధిపతి పేరుతో, కారణంతో, సంతకంతో లిఖితపూర్వక ఆదేశం ఉండాలి. రేపు లోపం బయటపడితే మొదట అడగాల్సిన కాగితం అదే.

ఇంకో మాట. "ఇది పాసు కాలేదు" అని రాసే ఫైర్ ఆఫీసర్‌నో, కమిషనింగ్ ఇంజినీర్‌నో మార్చేసి, సంతకం పెట్టేవాడిని తెచ్చుకునే అలవాటు మన దగ్గర ఉంది. పరీక్షలు నడుస్తుండగా ఆ స్థానాల్లో ఎవరిని మార్చినా కారణం బయటపెట్టాలన్న నిబంధన కూడా ఆ వెబ్‌సైట్‌లో ఒక వరుసగా చేర్చండి.

ఇట్లు,
ఫైర్ అలారం, ఎలక్ట్రికల్ కమిషనింగ్ ఇంజినీర్లు కొందరు,
హైదరాబాద్